పట్టపుపాలేలకు చేరవలసిన చికిత్స: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

2017లో పార్లమెంటు ఆమోదించగా 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల ద్వారా మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషికీ ఉన్న హక్కు అని 18వ సెక్షన్‌లో ప్రకటించింది. ఆ సేవ భరించగలిగిన ఖర్చులో, నాణ్యంగా, చాలినంతగా, ఇంటికి చేరువలో ఉండాలని కూడా అక్కడే చెప్పింది. ఈ లేఖ ఆ హక్కులోని ఒక్క భాగానికి, అంటే కుంగుబాటుకూ ఆందోళనకూ మాటల ద్వారా జరిగే చికిత్సకు, పరిమితం. ప్రాంతం కూడా ఒక్కటే: కావలి దగ్గరి రేవుల నుంచి పులికాట్ సరస్సు అంచు దాకా సాగే నెల్లూరు తీరం. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన ఈ తీరంలో దక్షిణ భాగాన్ని తిరుపతి జిల్లాలో చేర్చినా, వేటా రొయ్యల సాగూ ఒకటే, అప్పుల తీరూ ఒకటే కనుక, ఇక్కడ నెల్లూరు తీరం అన్న మాట పాత అర్థంలోనే వాడబడింది.

ముందుగా పదాల సంగతి. వైద్యులు కుంగుబాటు అనే స్థితి, రెండు వారాలకు తగ్గకుండా దాదాపు ప్రతిరోజూ మనసు దిగాలుగా ఉండడం, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోవడం అనే రెండు లక్షణాల చుట్టూ తిరుగుతుంది. నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడడం, తానెందుకూ పనికిరాననిపించడం, చావు తలపులు రావడం వాటికి తోడవుతాయి. ఆందోళన రుగ్మతలో కారణానికి మించిన భయం విడవకుండా వెంటాడుతుంది, గుండె దడ, చెమట, ఊపిరి అందనట్టు ఉండడం దాని శరీర రూపాలు. తీర గ్రామాల్లో ఈ వైద్య పదాలు వినబడవు. మనసు మనసులో లేదంటారు, గుండె గుబగుబలాడుతోందంటారు, ఏమీ తోచడం లేదని, అన్నం సయించడం లేదని అంటారు. పెద్దవాళ్లు బెంగ పెట్టుకుందనో మనాదితో చిక్కిపోయాడనో చెప్పుకుంటారు. ఈ మాటల్లో రోగ లక్షణాల పట్టిక మొత్తం ఉంది. వైద్య వ్యవస్థ వాటిని వినే చోటు మాత్రం ఊళ్లో లేదు కనుక, బాధ శరీరం భాషలోకి మారి నీరసంగా, తలబరువుగా, ఒళ్లునొప్పులుగా, గ్యాస్‌గా ఆర్ఎంపీ దగ్గరకు వెళ్తుంది. అక్కడ ఒక బి-కాంప్లెక్స్ సూది, ఒక సెలైన్ సీసా, కొన్ని నిద్రమాత్రలు దొరుకుతాయి, రెండు రోజులు తేలికగా ఉన్నట్టుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఈ తిరుగుళ్లకు అయ్యే డబ్బు, మాటల చికిత్సకు ప్రభుత్వం పెట్టవలసిన డబ్బుకంటే తక్కువేమీ కాదని ఏ మత్స్యకార పాలెంలో కూర్చుని లెక్కవేసినా తేలుతుంది.

నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్న వారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అంటే సగటున ఎంత మందికి అందడం లేదో దేశానికి తెలుసు గాని, ఇందుకూరుపేట మండలంలోనో వాకాడు మండలంలోనో పరిస్థితి ఏమిటో ఆ లెక్కల నుంచి చెప్పలేము. ఈ లోటును పూడ్చగలిగేది తమ శాఖ ఒక్కటే.

సంభాషణ చికిత్స అంటే ఓదార్పు అనీ, హితబోధ అనీ చాలామంది అనుకుంటారు. ధైర్యంగా ఉండు, దేవుడి మీద భారం వేయి అన్న మాటలు ఇరుగుపొరుగు ఎలాగూ చెబుతారు, వాటికి జీతమిచ్చి మనిషిని పెట్టడం ఎందుకన్న సందేహం అందువల్లే పుడుతుంది. అసలు చికిత్స వేరు. అది నిర్ణీత సంఖ్యలో, నిర్ణీత వ్యవధితో, ఒకే మనిషితో వరుసగా జరిగే సమావేశాల క్రమం. ప్రతి సమావేశానికీ ఒక పని ఉంటుంది, ముందూ వెనకా కొలత ఉంటుంది. ఆ పద్ధతుల్లో అన్నిటికంటే సులువుగా నేర్పగలిగినది బిహేవియరల్ యాక్టివేషన్, అంటే కుంగుబాటు వల్ల ఆగిపోయిన పనులను చిన్న చిన్న మోతాదుల్లో తిరిగి మొదలుపెట్టించి, పని నుంచి మనసును లేపే పద్ధతి. మనసు బాగుపడితే పని చేయగలననుకుని మనిషి ఎదురుచూస్తూ కూర్చుంటాడు; ఈ పద్ధతి ఆ వరుసను తిరగేస్తుంది.

దాని తీరు దగ్గరగా చూడవలసినదే. చేపల గంప పక్కన పెట్టి ఆరు నెలలైన ఒక మహిళను ఊహించుకోవచ్చు. తెల్లవారుజామున పడవలు వచ్చే వేళకు మెలకువ ఉంటుంది గాని లేవబుద్ధి కాదు, రేవుకు వెళ్తే నలుగురూ అడుగుతారని జంకు, వెళ్లకపోతే ఇల్లు గడవదన్న గుబులు. మొదటి సమావేశంలో కౌన్సెలర్ ఆమెకు సలహా ఏదీ చెప్పకుండా, ఒక కాగితం మీద వారానికి ఏడు వరుసలు గీసి, ఏ పూట ఏం చేసింది, అప్పుడు మనసు బరువు పదింటికి ఎంత అని నింపిస్తుంది. చదువు రాకపోతే గవ్వలు పెట్టి లెక్క చెప్పిస్తుంది. వారం తిరిగి కాగితం చూస్తే, తొమ్మిదీ తొమ్మిదీ అని సాగిన వరుసలో మంగళవారం సాయంత్రం ఒక్క చోట ఆరు ఉంటుంది. ఆ సాయంత్రం ఏం జరిగిందని అడిగితే, పక్కింటామె పిలిచిందని కాసేపు ఎండుచేపలు ఏరినట్టు ఆమెకే గుర్తొస్తుంది. తరువాతి వారానికి పని అదే: రెండు సాయంత్రాలు ఎండుచేపలు, ఒక తెల్లవారుజామున రేవు దాకా ఉత్త చేతులతో నడిచి రావడం. గంప సంగతి ఇంకా ఎవరూ ఎత్తరు. నాలుగో వారానికో అయిదో వారానికో ఆమే ఎత్తుతుంది. అప్పు ఎవరితో ఎలా మాట్లాడాలి, తాగి వచ్చిన భర్తతో గొడవను ఎలా దాటాలి అన్న చిక్కులను కూడా ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో అడుగు వేయించడం మిగిలిన సమావేశాల్లో జరుగుతుంది. వినడానికి ఇది చాలా మామూలుగా ఉంటుంది. ఇన్‌ఫెక్షన్‌కు మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకోవడం ఎంత మామూలో ఇదీ అంతే మామూలు; కోర్సు మధ్యలో ఆగకుండా చూసే ఏర్పాటులోనే దాని బలం ఉంది.

ఈ పద్ధతికి మన దేశంలోనే గట్టి రుజువు ఉంది. గోవాలో 1996లో మొదలైన సంగత్ అనే సంస్థ, మనోవైద్యుడు విక్రమ్ పటేల్ తదితరుల నాయకత్వంలో, 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న 495 మందిపై ఒక పరీక్ష జరిపింది. సగం మందికి మెరుగుపరచిన మామూలు వైద్యం, మిగిలిన సగం మందికి దానితోపాటు ఆరు నుంచి ఎనిమిది సమావేశాల సంభాషణ చికిత్స ఇచ్చారు. చికిత్స ఇచ్చినవారు మానసిక వైద్యులు కారు, మనస్తత్వ శాస్త్రం చదివినవారూ కారు. ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగి, శిక్షణ పొందిన మామూలు మనుషులు. లాన్సెట్ పత్రికలో 2017లో అచ్చయిన ఫలితాల ప్రకారం, మూడు నెలల తరువాత కుంగుబాటు నుంచి బయటపడినవారు మామూలు వైద్యం పొందిన వర్గంలో 39 శాతం, సంభాషణ చికిత్స కూడా పొందిన వర్గంలో 64 శాతం. ఆ కౌన్సెలర్లు తమ సమావేశాలను రికార్డు చేసి, ఒకరి పనిని మరొకరు విని మార్కులు వేసుకునే పద్ధతిని పాటించారు. రోగి అనుమతితో చేసే ఈ పని నాణ్యతకు కాపలా. శిక్షణ ఇచ్చి వదిలేస్తే వచ్చే ఫలితం వేరుగా ఉంటుంది.

మరింత దగ్గరి ఉదాహరణ మన పశ్చిమ గోదావరి. అక్కడి గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ సంస్థ స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పేరుతో చేపట్టిన పనిలో, ఆశా కార్యకర్తలు ట్యాబ్‌ల సాయంతో ఇంటింటికీ తిరిగి కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య తలపు ఉన్నవారిని గుర్తించారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం చికిత్స చేశారు, ఊళ్లో మానసిక జబ్బు పట్ల ఉన్న ఏవగింపును తగ్గించే ప్రచారం కూడా పక్కనే సాగింది. తెలుగు ఆశా కార్యకర్త తెలుగు పల్లెలో ఈ ప్రశ్నలు అడగజాలదన్న వాదనకు ఇక చోటు లేదు. 1996-97లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదట మొదలైన నాలుగు జిల్లాల్లో ఒకటి ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఈ విషయంలో తెలుగు నేల వెనకబడి మొదలు కాలేదు.

దేశం బయట రెండు ఏర్పాట్లు ఈ తీరానికి పనికొచ్చే పాఠాలు చెబుతాయి. ఇంగ్లండ్‌లో 2008లో మొదలై ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ అని పిలవబడే ప్రభుత్వ సేవలో, వైద్యుడి చీటీ లేకుండా మనిషి తనంతట తానే పేరు నమోదు చేసుకోవచ్చు. పేరిచ్చినవారిలో 75 శాతం మందికి ఆరు వారాల్లో, 95 శాతం మందికి 18 వారాల్లో చికిత్స మొదలు కావాలన్నది వారు పెట్టుకున్న కొలమానం. ఆ దేశపు సంపద మనకు లేదు, నిజమే. కాని చీటీ అడగకపోవడానికీ, ఎన్ని వారాలు ఆగాలో బయటకు చెప్పడానికీ సంపద అక్కర్లేదు. రెండో ఉదాహరణ జింబాబ్వేది. 2006లో మనోవైద్యుడు డిక్సన్ చిబాండా హరారే నగరంలోని ఆరోగ్య కేంద్రాల ఆవరణల్లో చెట్ల కింద బల్లలు వేయించి, శిక్షణ పొందిన పెద్ద వయసు మహిళలను అక్కడ కూర్చోబెట్టాడు. అక్కడి షోనా భాషలో ఈ బాధకు ఉన్న పేరు కుఫుంగిసిసా, అంటే మితిమీరిన ఆలోచన. ఆలోచనలు ఎక్కువై నిద్ర పట్టడం లేదని చెప్పే మన పాలెం అవ్వ ఆ బల్ల మీద కూర్చుంటే, మాటలు తర్జుమా అయితే చాలు, సంగతి వెంటనే అర్థమవుతుంది.

ఇక తీరం పరిస్థితి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధ కాలంలో పడవలు ఒడ్డుకెక్కుతాయి, సంపాదన ఆగుతుంది, ప్రభుత్వ భృతి చేతికొచ్చే దాకా అప్పు పుట్టించుకోవాలి. పట్టపు కులస్థుల పాలేల్లో ఆ రెండు నెలల్లో ఇంట్లో మగవారి తాగుడూ, ఆడవారి దిగులూ కలిసి పెరగడం కొత్త సంగతి కాదు. నవంబరు, డిసెంబరు వస్తే తుపాను భయం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరును కుండపోతగా తడిపి వెళ్లింది. రొయ్యల సాగుది ఇంకొక తీరు. గుంట లీజుకు తీసుకుని, సీడుకూ మేతకూ అప్పు చేసి, ఏరియేటర్ల చప్పుడు మధ్య రాత్రంతా గట్టు మీద తిరిగే రైతుకు, తెల్లమచ్చ వ్యాధి సోకితే నాలుగైదు రోజుల్లో గుంట ఖాళీ. సోకకపోయినా కౌంటు ధర పడిపోతే పట్టుబడి అయ్యాక చేతిలో మిగిలేది అప్పే. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన వార్త ఈ గట్ల మీద ఎన్ని నిద్రలు చెడగొట్టిందో ఎక్కడా నమోదు కాలేదు. ధరలు, సుంకాలు, తుపానులు ఆరోగ్య శాఖ చేతిలో లేవు, సంభాషణ చికిత్స అప్పు తీర్చదు. ఆ మాట దాచకుండా చెప్పుకోవాలి. అప్పు ఉన్న మనిషి పురుగుమందు డబ్బా వైపు చూడకుండా బ్యాంకు వైపు, బంధువు వైపు చూడగలిగేలా చేయడం మాత్రం దాని చేతిలో ఉంది.

ఇప్పుడున్న సేవలను ఈ జీవితం పక్కన పెట్టి చూడాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ సేవ, 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో ఉచితంగా మాట్లాడే మనిషిని అందిస్తుంది. చావు తలపు వచ్చిన రాత్రికి అంతకంటే దగ్గరి ఆసరా లేదు కనుక ఆ నంబరు ప్రతి పాలెంలోనూ, ప్రతి మేత దుకాణం గోడ మీదా ఉండాలి. అయినా ఒకే గది ఇంట్లో, అత్తా పిల్లలూ వినేలా, కొడుకు ఫోన్ అడిగి తీసుకుని, తన దిగులు చెప్పుకోగల కోడళ్లు ఎంతమంది? ముఖాముఖి సాయం అవసరమైన వారిని జిల్లా మానసిక ఆరోగ్య బృందానికో, వైద్య కళాశాలకో పంపడం ఆ సేవ రూపకల్పనలోనే ఉంది. అంటే ఫోన్ చివర జిల్లాలో ఒక తలుపు తెరిచి ఉండాలి. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రి ఉంది. కాని సంభాషణ చికిత్స ఆరు నుంచి ఎనిమిది వారాల పని. మైపాడు నుంచి నెల్లూరు సుమారు 25 కిలోమీటర్లు. కావలి అవతలి రేవులకూ, పులికాట్ దీవులకూ దూరం ఇంకా ఎక్కువ. రేవులో చేపలు దిగి, వేలం జరిగి, అమ్మకాలు సాగే వేళ ఉదయం, ఆసుపత్రి ఓపీ సాగేదీ ఉదయమే. ఎనిమిది ఉదయాలు వదులుకుంటే ఎనిమిది రోజుల సంపాదన పోతుంది; నెలకోసారి మందు చీటీ కోసం ఆ నష్టం భరించే కుటుంబం, కేవలం మాట్లాడి రావడానికి ప్రతి వారం భరించదు. దేశంలో లక్ష మందికి 0.75 మంది మాత్రమే మనోవైద్యులున్న స్థితిలో, మూడు నిమిషాల్లో చీటీ రాయవలసి వస్తున్న వైద్యుణ్ని నలభై నిమిషాలు వినమని అడగడం కూడా న్యాయం కాదు. ఒక మోస్తరు కుంగుబాటుకు మాత్ర కంటే ముందు మాటల చికిత్స ఇవ్వాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో చెప్పింది. ఈ తీరంలో మాత్ర ఒక్కటే దొరుకుతున్నప్పుడు ఆ ఎంపిక మనిషికి మిగలదు. మందులు అనవసరమని దీని అర్థం కాదు. తీవ్రమైన కుంగుబాటులో, ఇతర తీవ్ర జబ్బుల్లో అవి ప్రాణం నిలుపుతాయి.

మనుషులు తమ బాధను నలుగురిలో పేరు పెట్టి చెప్పుకోరన్న మాట తరచుగా వినిపిస్తుంది. నెల్లూరు ఆ మాటను ఏటా మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగలో కాదంటుంది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి, తల మీద కొంగు కప్పుకున్న స్త్రీలు, ఆరోగ్య రొట్టె ఎవరి దగ్గరుంది, పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుంది, సంతాన రొట్టె ఎవరి దగ్గరుంది అని అడిగి, కోరిక తీరిన అపరిచితుల చేతి నుంచి అందుకుని అక్కడే కొంత తింటారు. తన కొరత ఏమిటో పైకి చెప్పడం, అది దాటి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడడం, ఈ రెండూ ఆ నీళ్లలో జరుగుతాయి. ఇదే జిల్లాలో 1991లో అక్షర దీపం పేరిట సాగిన అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు, పాఠంలోని తాగుబోతు భర్త కథను తమ ఇళ్ల కథగా గుర్తుపట్టి మాట్లాడుకోవడం నుంచే దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటం లేచింది, దానికి ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. లాంతరు చుట్టూ కూర్చుని ఇంటి గుట్టును మాటల్లో పెట్టిన ఆ స్త్రీలకు కావలసినవి ఒక చోటు, ఒక వేళ, వినే మనుషులు. ప్రభుత్వం ఆ మూడూ సమకూర్చింది, మిగిలినది వాళ్లే చేసుకున్నారు.

పాలేల్లో గుట్టు సమస్య నిజమైనది, దాన్ని తేలికగా తీసుకోరాదు. ఆశా కార్యకర్త చాలాచోట్ల అదే వీధి మనిషి, బంధువు, ఒక్కోసారి అప్పిచ్చినవారి ఇంటి కోడలు. ఆమెకు చెప్పిన మాట రేవుకు చేరదన్న నమ్మకం మాటలతో రాదు. అందువల్ల గుర్తించే పని ఊరి ఆశాకూ, చికిత్స చేసే పని పొరుగు ఊరి నుంచి వచ్చే కౌన్సెలర్‌కూ విడిగా అప్పగించడం మేలు. గదికి తలుపు ఉండాలి, ఆ తలుపు మీద మానసిక రోగుల విభాగం అన్న బోర్డు ఉండకూడదు. ఆశాల మీద ఇప్పటికే ఉన్న సర్వేల బరువుకు ఇంకొకటి ఊరికే కలపడం కూడా తగదు. కొత్త పనికి విడిగా డబ్బు, విడిగా సమయం లెక్కకట్టాలి. మగవారి సంగతి వేరుగా ఆలోచించాలి. వారు ఆరోగ్య కేంద్రానికి రారు గాని, నిషేధ కాలంలో ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, ఆ పక్కన కూర్చోగలిగిన మగ కౌన్సెలర్ కనీసం మండలానికి ఒకరు అవసరం.

కేంద్ర ప్రభుత్వ విధానం ప్రకారం, గ్రామ స్థాయిలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించవలసిన 12 రకాల సేవల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. కాబట్టి తమ శాఖ ఇప్పుడు కొత్త వ్యవస్థను పుట్టించనవసరం లేదు. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, బోగోలు వంటి తీర మండలాల ఆరోగ్య కేంద్రాల్లో వారానికి ఒక నిర్ణీత మధ్యాహ్నం సంభాషణ చికిత్సకు కేటాయించి, తొమ్మిది ప్రశ్నలతో కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 పత్రాన్ని తీరం మాటల్లో తయారుచేయించి, చీటీ లేకుండా వచ్చినవారిని చేర్చుకుని, క్లినికల్ సైకాలజిస్ట్ పర్యవేక్షణలో స్థానిక కౌన్సెలర్లకు శిక్షణ ఇవ్వడం మొదటి మెట్టు. జిల్లా మానసిక ఆరోగ్య బృందంలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, పేరిచ్చినవారు ఎన్ని వారాలు ఆగుతున్నారు, కోర్సు పూర్తిచేసినవారెందరు అన్న నాలుగు అంకెలను ప్రతి మూడు నెలలకూ జిల్లా స్థాయిలో ప్రకటించాలి. జిల్లాలో కనీస సేవలు లేనిచోట, అదే జిల్లాలోని మరొక సంస్థలో వైద్యం పొందితే ఖర్చు ప్రభుత్వమే భరించాలన్న 18వ సెక్షన్ నిబంధన గురించి తీరంలో ఎంతమందికి తెలుసో శాఖ విచారించాలి. మానసిక ఆరోగ్య నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చడానికి చట్టంలోని 31వ సెక్షన్ ఇచ్చిన పదేళ్ల గడువు 2028 మేతో ముగుస్తుంది. అంతకుముందు ఈ తీరంలో వచ్చే ప్రతి వేట నిషేధ కాలమూ ఆ పనిని ప్రయత్నించి చూసుకోదగిన 61 రోజులు.

రాబోయే ఏప్రిల్ 15న పడవలు ఒడ్డుకు చేరేసరికి ఒక్క మండలంలోనైనా, ఒక్క ఆరోగ్య కేంద్రం గోడ మీదనైనా, మనసు బాగాలేనివారు ఏ రోజు ఏ వేళకు వచ్చి కూర్చోవచ్చో తెలుగులో రాసి ఉంచవలసిందిగా, ఆ వేళకు ఆ గదిలో మనిషి ఉండేలా చూడవలసిందిగా తమకు విన్నపం.

ఇట్లు
నెల్లూరు తీర ప్రజల క్షేమం కోరే ఒక పౌరుడు